జీవక్రియ మీద మోపుతున్న నింద

ప్రశ్న: చాలా తక్కువ తింటున్నా బరువు పెరుగుతున్నవారికి జీవక్రియ, అంటే వాడుకలో చెప్పే మెటబాలిజం, మందగించడమే కారణమన్న నమ్మకం ఎంతవరకు సరైనది?

జవాబు: కణాలు బతికి ఉండడానికి, పాతబడిన భాగాలను బాగుచేసుకోవడానికి, ఆహారం నుంచి శక్తిని రాబట్టడానికి శరీరంలో నిరంతరం సాగే రసాయనిక చర్యలన్నిటినీ కలిపి జీవక్రియ అంటారు. ఖాళీ కడుపుతో, ఏ పనీ చేయకుండా, మెలకువగా పడుకుని ఉన్న మనిషిలో కూడా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయడానికి కొంత శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. దీన్ని ఆధార జీవక్రియ అంటారు. రోజు మొత్తం ఖర్చులో సుమారు 60 నుంచి 70 శాతం దీని వాటా కాగా, తిన్నది అరగడానికి దాదాపు 10 శాతం, మిగిలినది నడక, పని, కదలికలకు పోతుంది. పెద్ద దేహాన్ని పోషించడానికి ఎక్కువ శక్తి కావాలి కనుక, లావుగా ఉన్నవారిలో ఆధార జీవక్రియ సన్నగా ఉన్నవారిలో కంటే సాధారణంగా ఎక్కువగానే ఉంటుంది. లోకంలో ఉన్న నమ్మకం దీనికి సరిగ్గా వ్యతిరేకం.

తక్కువే తింటున్నామని చెప్పేవారు అబద్ధం చెబుతున్నారని దీని అర్థం కాదు, అలా అనడం అన్యాయం కూడా. రోజుకు 1200 కేలరీల లోపే తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పిన 10 మందిని న్యూయార్క్ పరిశోధకులు జాగ్రత్తగా పరీక్షించి, 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వారి జీవక్రియలో లోపమేదీ కనిపించలేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా వారు లెక్కవేసుకున్నారు. తిండిని అంచనా వేయడంలో చాలామంది ఇలాగే పొరబడతారు. తెలుగు ఇళ్లలో ఈ పొరపాటు ఎక్కువగా నూనె దగ్గర జరుగుతుంది. కంచంలో అన్నం ఎంత ఉందో కంటికి కనిపిస్తుంది గాని, వేపుడులో ఇంకిన నూనె, ఆవకాయ మీద తేలే నూనె, పప్పుపొడిలో కలిపిన నెయ్యి, పిల్లలు వదిలేస్తే పారేయలేక తల్లి తినే నాలుగు ముద్దలు ఎవరి లెక్కలోకీ రావు. ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల నూనె దాదాపు 120 కేలరీలు ఇస్తుంది. 65 కిలోల మనిషి అరగంట చురుకుగా నడిస్తే ఖర్చయ్యేది కూడా ఇంచుమించు అంతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల ఆహారంలో వంట నూనె, నెయ్యి కలిపి రోజుకు మనిషికి సుమారు 27 గ్రాములే సూచిస్తోంది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు ఇది సుమారు మూడున్నర లీటర్లే కాబట్టి, జీవక్రియను అనుమానించే ముందు నెల సరుకుల చీటీలో నూనె ప్యాకెట్లను లెక్కపెట్టడం మేలు.

ప్రశ్న: మరి థైరాయిడ్ లోపం ఉన్నవారి సంగతి?

జవాబు: మెడ ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి స్రవించే హార్మోను జీవక్రియ వేగాన్ని నియంత్రిస్తుంది కాబట్టి, అది తగ్గితే కొంత బరువు పెరగడం నిజమే. అయితే ఆ పెరుగుదల సాధారణంగా 2 నుంచి 5 కిలోల లోపే ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పు, నీరు. అందువల్ల 20 కిలోల అధిక బరువుకు థైరాయిడ్ ఒక్కటే కారణమని అనుకుంటూ, మాత్ర మోతాదు పెంచితే సన్నబడతామని ఆశించడం సరికాదు. లోపం లేనివారు బరువు తగ్గడానికి ఆ మాత్రలు వాడితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు పలచబడవచ్చు, కండరం కరిగిపోవచ్చు. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, కొన్ని మూర్ఛ మందులు, ఇన్సులిన్ వంటివి కూడా బరువు పెంచగలవు. వాటిని వాడేవారు ఆ సంగతి వైద్యుడితో చర్చించాలి తప్ప సొంతంగా మానేయకూడదు.

ప్రశ్న: నలభై ఏళ్లు దాటగానే జీవక్రియ పడిపోతుందంటారు. ఇది సహజమే కదా?

జవాబు: ఈ అభిప్రాయాన్ని 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం దాదాపు తోసిపుచ్చింది. పుట్టి 8 రోజులైన శిశువుల నుంచి 95 ఏళ్ల వృద్ధుల వరకు, 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా వ్యక్తుల శక్తి వ్యయాన్ని అందులో విశ్లేషించారు. కొలిచిన పద్ధతి కూడా తెలుసుకోదగినది. సాధారణ నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కంటే కొంచెం బరువైన, హాని చేయని రూపాలున్న నీటిని తాగించి, ఆ తరువాత కొన్ని రోజులపాటు మూత్రాన్ని పరీక్షిస్తారు. బరువైన హైడ్రోజన్ నీటి రూపంలో మాత్రమే బయటికి పోతుంది, బరువైన ఆక్సిజన్ నీటితోపాటు ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కూడా పోతుంది కనుక, రెండింటి మధ్య తేడాను బట్టి ఆ మనిషి ఎంత ఇంధనాన్ని దహించాడో తేలుతుంది. శరీర పరిమాణంలోని తేడాలను సరిచేసి చూసినప్పుడు జీవక్రియ 20 నుంచి 60 ఏళ్ల వరకు దాదాపు నిలకడగా ఉందనీ, 60 తరువాత ఏటా సుమారు 0.7 శాతం చొప్పున తగ్గుతుందనీ, స్త్రీలలో ముట్లుడిగే వయసులో కూడా ప్రత్యేకంగా పడిపోవడం లేదనీ వెల్లడైంది.

నలభైలలో పొట్ట పెరగడానికి కారణాలు వేరే ఉన్నాయి. బాధ్యతలు పెరిగి నడక తగ్గుతుంది, కుర్చీలో కూర్చునే గంటలు పెరుగుతాయి, నిద్ర తగ్గుతుంది, వాడకపోవడం వల్ల కండరం సన్నగిల్లుతుంది, తిండి మాత్రం పాతికేళ్ల వయసులో అలవాటైన కొలతలోనే సాగుతుంది. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో కొవ్వు తుంటి, తొడల నుంచి పొట్ట వైపు మళ్లడం కూడా దీనికి తోడవుతుంది. వయసును మార్చలేం గాని ఇందులో చాలావాటిని మార్చుకోవచ్చు కనుక, నలభై దాటినవారికి ఈ అధ్యయనం నిజంగా మంచి వార్త.

ప్రశ్న: అన్నం పూర్తిగా మానేసినవారు వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గుతున్నారు. కొన్ని నెలలకు ఆ బరువంతా తిరిగి వస్తోంది. జీవక్రియ దెబ్బతినడం వల్లేనా?

జవాబు: ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. మొదటి వారంలో తగ్గేదానిలో అధిక భాగం నీరు. పిండిపదార్థాల నుంచి వచ్చిన చక్కెరను శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ సుమారు 400 నుంచి 500 గ్రాముల వరకు దాచుకుంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు దాదాపు మూడు గ్రాముల నీరు నిలవ ఉంటుంది. అన్నం, రొట్టెలు మానేయగానే ఈ నిల్వ ఖర్చయి దాని వెంట ఉన్న నీరు కూడా పోతుంది, మళ్లీ అన్నం తినగానే రెండూ తిరిగి చేరుకుంటాయి. కొవ్వుకు దీనితో పెద్దగా సంబంధం లేదు. అమెరికాలో 609 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి కొవ్వు తగ్గించిన ఆహారం, మరో వర్గానికి పిండిపదార్థం తగ్గించిన ఆహారం ఏడాదిపాటు సూచించినప్పుడు, 2018లో వెలువడిన ఫలితాల్లో సగటు తగ్గుదల 5.3 కిలోలు, 6 కిలోలుగా, అంటే చెప్పుకోదగ్గ తేడా లేకుండా ఉంది. అన్నం శత్రువు కాదు. కంచంలో ముప్పాతిక భాగాన్ని అన్నమే ఆక్రమించి, పప్పుకూ కూరకూ పెరుగుకూ చోటు లేకపోవడమే అసలు సమస్య.

రెండో విషయం, అంటే తగ్గిన బరువు తిరిగి రావడం, ఇంతకంటే లోతైనది. దీన్ని అర్థం చేసుకోవడానికి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, మినెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ నడిపిన ప్రయోగం నేటికీ ఆధారంగా నిలుస్తోంది. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోని 36 మంది యువకులు, యుద్ధానంతరం ఆకలితో ఉన్న ప్రజలను ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి తమ దేహాలను అప్పగించి, 24 వారాలపాటు దాదాపు సగం తిండితో గడిపారు. వారు తమ బరువులో సుమారు నాలుగో వంతు కోల్పోయారు, ఆధార జీవక్రియ 40 శాతం దాకా పడిపోయింది. ఈ తగ్గుదలలో చాలా భాగం దేహం చిన్నదైనందువల్ల వచ్చిందే అయినా, అంతకుమించి కూడా శరీరం ఖర్చు తగ్గించుకుంది. బాగా తక్కువ తింటే శరీరం బరువు తగ్గడాన్ని పూర్తిగా ఆపేస్తుందన్న ప్రచారం తప్పని ఈ ప్రయోగమే చెబుతుంది, ఎందుకంటే ఆ యువకులు చిక్కిపోతూనే ఉన్నారు. అయితే శరీరం ఎదురుతిరగదన్నది కూడా అంతే తప్పు. అమెరికా టెలివిజన్ పోటీలో కొద్ది నెలల్లోనే విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షించగా, వారి విశ్రాంత జీవక్రియ ఆ దేహాలకు ఉండవలసినదానికంటే రోజుకు సగటున 500 కేలరీలు తక్కువగా ఉన్నట్లు 2016లో ప్రచురితమైంది. వీటికి తోడు, బరువు తగ్గినప్పుడు కొవ్వు కణాలు స్రవించే లెప్టిన్ తగ్గడం వల్ల తృప్తి తగ్గుతుంది, పొట్ట స్రవించే గ్రెలిన్ పెరగడం వల్ల ఆకలి పెరుగుతుంది. ఈ మార్పులు ఏడాది తరువాత కూడా కొనసాగుతాయని తేలింది.

కనుక తిరిగి లావైనవారిని మనోబలం లేనివారని నిందించడానికి శాస్త్రంలో ఆధారం లేదు. ఆసుపత్రిలోనూ, పెళ్లి పందిట్లోనూ వారు వినే మాటలు వైద్యానికి అడ్డు తప్ప ఏ విధంగానూ సాయం కావు. చేయదగినది ఏమిటంటే, ఏళ్ల తరబడి పాటించగలిగే మార్పులను మాత్రమే ఎంచుకోవడం, వారానికి అర కిలో తగ్గినా చాలనుకోవడం, తగ్గాక కూడా ఆ పద్ధతిని విడిచిపెట్టకపోవడం. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, రక్తంలో చక్కెర మెరుగుపడతాయి కాబట్టి, కాలేజీ రోజుల నాటి బరువు లక్ష్యం కానక్కరలేదు.

ప్రశ్న: జీలకర్ర నీళ్లు, తేనె కలిపిన నిమ్మరసం, గ్రీన్ టీ, చల్లటి నీళ్లు జీవక్రియను పెంచి కొవ్వును కరిగిస్తాయా?

జవాబు: కరిగించవు. ఫ్రిజ్‌లోంచి తీసిన అర లీటరు నీటిని శరీర ఉష్ణోగ్రతకు తేవడానికి ఖర్చయ్యేది 16 కేలరీలు మాత్రమే. ఒక పెద్ద చెంచా తేనె దాదాపు 60 కేలరీలు ఇస్తుంది. గ్రీన్ టీ ప్రభావం ఉన్నా, అది బరువులో కనిపించనంత స్వల్పం. కొద్దికొద్దిగా ఆరుసార్లు తింటే జీవక్రియ రగులుతుందన్న మాట కూడా ఇలాంటిదే, ఎందుకంటే అరుగుదలకు అయ్యే ఖర్చు మొత్తం తిన్నదాన్ని బట్టి ఉంటుంది, ఎన్నిసార్లు తిన్నారన్నదాన్ని బట్టి కాదు. చక్కెర వేసిన టీకి బదులు జీలకర్ర నీళ్లు తాగితే ఆ చక్కెర తగ్గినంత మేరకు లాభం ఉంటుంది.

ప్రశ్న: కండలు పెంచితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుందని వ్యాయామశాలల్లో చెబుతారు. అది నిజమేనా?

జవాబు: కొంత నిజం, చాలా అతిశయోక్తి. విశ్రాంతిలో ఒక కిలో కండరం రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు, ఒక కిలో కొవ్వు ఖర్చు చేసేది నాలుగైదు కేలరీలు. కాలేయం, మెదడు, గుండె, మూత్రపిండాలే ఈ లెక్కలో పెద్ద ఖర్చుదారులు. కష్టపడి రెండు కిలోల కండరం పెంచినా రోజుకు అదనంగా ఖర్చయ్యేది ఒక అరటిపండుకు కూడా సరిపోదు. అయినా బరువులెత్తే వ్యాయామం తప్పనిసరి అనడానికి బలమైన కారణం ఉంది: తిన్న చక్కెరలో పెద్ద వాటాను రక్తం నుంచి తీసుకునేది కండరమే, బరువు తగ్గే కాలంలో కొవ్వుతోపాటు కరిగిపోయే ప్రమాదం ఉన్నదీ అదే. పప్పు, గుడ్డు, చేప, పెరుగు వంటి మాంసకృత్తులున్న ఆహారం, వారానికి రెండు మూడు రోజుల శక్తి వ్యాయామం దాన్ని కాపాడతాయి.

వ్యాయామం కాని కదలికల విలువను చాలామంది గుర్తించరు. 1999లో వెలువడిన మేయో క్లినిక్ ప్రయోగంలో 16 మందికి 8 వారాలపాటు అవసరానికి మించి రోజుకు 1000 కేలరీలు పెట్టగా, ఒకరిలో పెరిగిన కొవ్వు అర కిలో లోపే ఉంటే మరొకరిలో నాలుగు కిలోలు దాటింది. లేచి తిరగడం, నిలబడడం, కుదురుగా కూర్చోలేకపోవడం వంటి అప్రయత్న కదలికలు ఎవరిలో ఎక్కువ పెరిగాయో వారిలో కొవ్వు తక్కువ చేరింది.

ప్రశ్న: బరువు మామూలుగా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: భారతీయులు అలా ఉండలేరు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్‌ల ఫొటోతో 2004లో లాన్సెట్ పత్రిక ఒక చిన్న వ్యాసం ప్రచురించింది. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ ఇద్దరికీ 22.3 మాత్రమే, కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ కొవ్వు చేరే ఈ లక్షణం వల్ల భారతీయులకు మధుమేహం తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే వస్తోంది. అందుకే మన వైద్యులు బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడి సాధారణ పట్టికలోని 25 లోపు ఉన్నామని ఊరట చెందకూడదు. ఆసియా మూలాలున్నవారికి 23 నుంచే మధుమేహ పరీక్ష గురించి ఆలోచించాలని అక్కడి మధుమేహ సంఘమే సూచిస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బీఎంఐ 25 దాటిన స్త్రీలు దేశంలో 24 శాతం ఉంటే, తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం ఉన్నారు. 23 నుంచి లెక్కిస్తే ఈ సంఖ్యలు ఇంకా పెరుగుతాయి.

బరువు తూచే యంత్రం కంటే దర్జీ టేపు ఈ విషయంలో మెరుగైన పరికరం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యభాగంలో, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి బిగించకుండా కొలవాలి. పురుషుల్లో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటినవారు, బరువు ఎంత ఉన్నా సరే, పరగడుపు రక్త చక్కెర, రక్తపోటు, రక్తంలోని కొవ్వుల పరీక్షలను వాయిదా వేయకుండా చేయించుకోవాలి.