ఆ మెయిల్ నిజంగా ఎక్కడి నుంచి వచ్చింది? హెడర్ చదవడం ఎలా?

మా కొత్వాల్‌గూడ, శంషాబాద్ వైపు ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి వచ్చే ఒక రకం మెయిల్ ఉంది. "ఎయిర్‌పోర్ట్‌లో గ్రౌండ్ స్టాఫ్‌గా సెలెక్ట్ అయ్యారు, యూనిఫామ్ డిపాజిట్ కట్టండి" అని. లోగో, సంతకం అన్నీ ఉంటాయి. డబ్బు పంపే ముందు రెండు నిమిషాలు హెడర్ చూడండి.

1. హెడర్ తెరవడం
ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఇది కనిపించదు. కంప్యూటర్ బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి, రిప్లై పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి.

2. 'ఫ్రమ్'ని నమ్మొద్దు
ఫ్రమ్ అంటే కవర్ మీద పంపినవాడు రాసుకున్న పేరు. ఎవరి పేరైనా రాయొచ్చు. 'రిసీవ్డ్' లైన్లు మాత్రం దారిలో ప్రతి సర్వర్ వేసే పోస్టాఫీసు ముద్రల్లాంటివి. కొత్త ముద్ర పైన పడుతుంది కాబట్టి కింది నుంచి పైకి చదవాలి. అయితే కింది లైన్లను మోసగాడే ముందుగా అతికించి ఉండొచ్చు. మన మెయిల్ సర్వర్ వేసిన పై లైన్‌లోని ఐపీ అడ్రస్సే గట్టి ఆధారం.

3. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్
ఇవి షో ఒరిజినల్ పేజీలో పైనే ఉంటాయి. 'ఫెయిల్' అని ఉంటే అనుమానించాల్సిందే. 'పాస్' అని ఉన్నా సంబరపడొద్దు! అసలు కంపెనీ పేరుకి ఒక అక్షరం మార్చి కొన్న డొమైన్‌కి కూడా పాస్ వస్తుంది. అందుకే డొమైన్ స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూడండి. 'రిప్లై టు' వేరే అడ్రస్‌కి వెళ్తోందేమో కూడా గమనించండి.

ఐపీ దొరికితే ఇల్లు దొరికినట్టేనా?
కాదు. మనకి తెలిసేది ఇంటర్నెట్ కంపెనీ, మహా అయితే దాదాపు ఊరు. జీమెయిల్ వెబ్‌సైట్ నుంచి పంపితే పంపినవాడి ఐపీ అసలు కనపడదు, గూగుల్ సర్వర్ ఐపీనే ఉంటుంది. లాగిన్ రికార్డులు అడిగే అధికారం పోలీసులది.

2017 ఏప్రిల్‌లో ఇదే జరిగింది. విమానాల హైజాక్‌కి కుట్ర జరుగుతోందని ముంబై పోలీసులకు ఒక మెయిల్ వెళ్లింది. ముంబై, చెన్నై, హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల్లో భద్రత పెంచారు. ఐపీ ఆధారం హైదరాబాద్‌కి చేర్చింది. మెయిల్ వెళ్లింది ఒక ఇంటర్నెట్ కేఫ్ నుంచి. ఐపీ కేఫ్ దాకానే తీసుకెళ్తుంది, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో చెప్పదు. ఆ మిగతా పని పోలీసులు చేసి, ఒక ట్రావెల్ ఏజెంట్‌ని పట్టుకున్నారు. ప్రియురాలితో టూర్ తప్పించుకోడానికి చేసిన పని అది!

మరి మనమేం చేయాలి?
మెయిల్ డిలీట్ చేయొద్దు. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ పోతుంది, కాబట్టి 'డౌన్‌లోడ్ ఒరిజినల్' నొక్కి ఫైల్ దాచుకోండి. డబ్బు ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే ముందు 1930కి ఫోన్ చేయండి, హెడర్ సంగతి తర్వాత. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.