మాట తెగినా డబ్బు చేరింది

పాల డబ్బులు బ్యాంకులో పడ్డాయి. పట్నంలో చదివే కూతురికి తల్లి 2,000 రూపాయలు పంపాలి. హాస్టలు ఫీజుకు రేపే గడువు. ఊళ్ళో సిగ్నల్ అంతంత మాత్రం. తల్లి డాబా ఎక్కి ఫోన్ చేసింది. కూతురి మాట తెగి తెగి వినిపించింది. అయినా అర్థమైంది.

తర్వాత ఫోన్‌లోనే డబ్బు పంపింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది. "పెండింగ్" అని వచ్చింది. తల్లి గుండె గుభేలుమంది. మళ్ళీ నొక్కుదామా? వేలు దాకా వెళ్ళి ఆగింది.

ఇప్పటి ఫోన్లు దేన్నయినా చిన్న చిన్న ముక్కలు చేసి పంపుతాయి. దారి ఇరుకైతే కొన్ని ముక్కలు మధ్యలో పోతాయి. మాటలో ఒక ముక్క పోతే ఫోన్ దాన్ని వదిలేస్తుంది. దాని కోసం ఆగితే వెనక మాట ఆలస్యమవుతుంది. ఎప్పటికో వచ్చిన "ఆఁ" ఎవరికి కావాలి? డబ్బు అలా కాదు. 2,000లో ఒక సున్న పోతే 200 అవుతుంది! అందుకే ప్రతి ముక్కకూ లెక్క ఉంటుంది. అవతలి నుంచి "అందింది" అని జవాబు రావాలి. రాకపోతే అదే ముక్క మళ్ళీ పంపాలి. ఆలస్యమైనా లెక్క తప్పకూడదు.

అలాగని గబగబా పంపుతూ పోకూడదు. 1986లో అమెరికాలోని బర్క్లీలో అదే జరిగింది. రెండు చోట్ల కంప్యూటర్లను కలిపే దారి అది. మధ్య దూరం అర కిలోమీటరు కూడా లేదు. జవాబు రాలేదని కంప్యూటర్లు పంపిందే పంపాయి. సంతరోజు ఇరుకు సందులోకి బండి వెనక బండి తోలినట్టయింది. వేగం 800 వంతుల్లో ఒక వంతుకు పడిపోయింది. వాన్ జాకబ్సన్ అనే ఆయన 1988లో దీనికి ఉపాయం రాశాడు. మొదట కొంచెం పంపాలి. జవాబు వస్తే మెల్లగా పెంచాలి. ముక్క పోయిందా, జోరు తగ్గించాలి. ఈ ఆలోచన నేటి కంప్యూటర్లలోనూ ఉంది.

ఇక తల్లి సంగతి. పెండింగ్ అంటే డబ్బు పోయిందని కాదు, జవాబు ఇంకా రాలేదని. డబ్బు చేరి, జవాబే దారిలో ఆగి ఉండొచ్చు. ఫోన్ తనంతట తాను మళ్ళీ పంపే ముక్కకు పాత నంబరే ఉంటుంది. రెండోసారి వస్తే అవతలి కంప్యూటరు దాన్ని పక్కన పెడుతుంది. మనిషి మళ్ళీ నొక్కితే కొత్త నంబరు పడుతుంది. అది ఇంకో 2,000!

తల్లి నొక్కలేదు. కూతుర్ని అడిగింది. "ఇంకా రాలేదమ్మా. కాసేపు ఆగు" అంది కూతురు. కొంతసేపటికి డబ్బు చేరింది.

ఒకవేళ ఖాతాలో కట్టయి, అవతల చేరకపోతే? దానికి 2019లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. యూపీఐలో మనిషికి మనిషి పంపిన డబ్బు చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. బ్యాంకులో అడగాలంటే ఆ చెల్లింపు నంబరు కావాలి. అది ఫోన్‌లోనే కనిపిస్తుంది. 12 అంకెలుంటాయి. తల్లి పాల లెక్కల పుస్తకం తీసింది. ఒక్కో అంకే పైకి చదువుతూ రాసుకుంది.