నీలం గోలి – మన ఒంట్లో ఇనుము

ప్రియమైన చెల్లెళ్లారా,

నేను మద్దూరు హాస్టల్‌లో చదివేటప్పుడు ప్రతి సోమవారం నీలం రంగు ఐరన్ గోలి ఇచ్చేవారు. కడుపులో తిప్పుతుందని నాలుక కింద దాచి, తర్వాత పారేసేదాన్ని. డిగ్రీలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములే! మెట్లెక్కితే ఆయాసం, పుస్తకం పడితే నిద్ర. అది నా బద్ధకం అనుకున్నాను, కాదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో ఈ పాఠం చదివాక మీకు చెప్పాలనిపించింది.

ఇనుము ఎక్కడుంటుంది?

పెద్దవారి ఒంట్లో 3 నుండి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. చిన్న మేకంత! అందులో ఎక్కువ భాగం ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఉండి ఆక్సిజన్‌ను మోస్తుంది. 120 రోజులకు కణం పాతబడితే, శరీరం దానిలోని ఇనుమును తీసి మళ్లీ వాడుకుంటుంది. ఇలా రోజుకు 20-25 మిల్లీగ్రాములు తిరిగి వస్తాయి. తిండి నుండి చేరేది 1-2 మిల్లీగ్రాములే.

కాపలా ఎవరు?

ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి శరీరానికి లేదు. అందుకే లోపలికి వచ్చే చోటే కాపలా. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోను, పేగులోని ఫెర్రోపోర్టిన్ అనే తలుపును మూస్తుంది. ఇనుము తగ్గితే హెప్సిడిన్ తగ్గి తలుపు తెరుచుకుంటుంది. క్షయ వంటి జబ్బుల్లో, క్రిములకు ఇనుము అందకుండా హెప్సిడిన్ పెరుగుతుంది. అప్పుడు నిల్వలున్నా రక్తహీనత వస్తుంది. తలసేమియా పిల్లలకు పదేపదే రక్తం ఎక్కిస్తారు. ఆ ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని తీయడానికి వేరే మందులు వాడాలి.

మనం చేయవలసినది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. చాలని తిండి, నెలసరి, కొంకిపురుగులు ముఖ్య కారణాలు.

నీలం గోలిలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. గోలి వేశాక దాదాపు ఒక రోజు హెప్సిడిన్ పెరిగి ఉంటుంది. అందుకే వెంటవెంటనే వేసుకున్న గోలీలు అంతే పాళ్లలో ఒంటబట్టవు. వారానికి ఒక్కటే కదా అని చిన్నచూపు చూడకండి. అన్నం తిన్నాక నీళ్లతో వేసుకోండి. మలం నల్లగా వస్తే భయపడవద్దు. రక్తహీనత ఉందని తేలితే మాత్రం డాక్టరు చెప్పిన మోతాదే వాడాలి.

ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి. తిన్న వెంటనే చాయ్ వద్దు. కార్జం, నల్లలోని ఇనుము తేలికగా ఒంటబడుతుంది. మన ఇంట్లో అవి వండుతారని చెప్పడానికి సిగ్గుపడకండి.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. మీ ఇళ్లలోనూ చాలామందికి మీరే మొదలవుతారు. అంత దూరం నడవాలంటే ఒంట్లో రక్తం ఉండాలి.

ఇట్లు,
మీ అక్క,
పూర్వ విద్యార్థిని