మన్యంలో ఒక ఇంటి చుట్టంగా

మా సామర్లకోటకు మన్యం కొండల్లోని మారేడుమిల్లి మరీ దగ్గర. పెద్దాపురం, జగ్గంపేట, గోకవరం, రంపచోడవరం మీదుగా పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు అక్కడుంటాం. చిక్కంతా ఆ దగ్గరతనంతోనే వచ్చింది. మా కుర్రాళ్లు తెల్లారి కారెక్కి, రెండు జలపాతాలు చూసి, బొంగులో చికెన్ తిని, రాత్రికి తిరిగొచ్చి ఇంట్లో పడుకుంటున్నారు. చూశాం అంటున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, విరమించాక మరీ ఎక్కువగానూ, ఆ కొండల్లో ఇళ్లలో దిగి ఉండటం అలవాటైనవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1. ఒక్క ఇల్లు చూసుకోండి. కనీసం మూడు రాత్రులు ఉండండి. మొదటి రోజు మీరు కొత్త చుట్టాలు, ఇంటివాళ్లు మర్యాదల్లో ఉంటారు. రెండో రోజుకి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. అరుగు మీద అడ్డాకులు కుడతారు, చింతపండు గింజ తీస్తారు, కుంకుడుకాయలు ఎండబోస్తారు. ఆ పక్కన కూర్చోండి. చేయి సాయం చేస్తానంటే ఎవరూ కాదనరు. మాటలు వాటంతటవే వస్తాయి. అక్కడి గిరిజనులైన కొండరెడ్లు మాట్లాడేది తెలుగే, మనకు మధ్యవర్తి కూడా అక్కర్లేదు.

2. ఆ ఇల్లు ఎవరిదో ముందే కనుక్కోండి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదేనని నా నమ్మకం. ఏజెన్సీలో, అంటే ఈ మన్యంలో, గిరిజనుల భూమి చేతులు మారకుండా 1959లో నిబంధనలు చేశారు, 1970లో వాటిని ఇంకా బిగించారు. వన్ ఆఫ్ సెవెంటీ అని అందరూ అనేది దాన్నే. దాని ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. పేరు ఒకరిది, పెట్టుబడి మరొకరిది అయిన విడిదిలో మీరు దిగితే, మీరిచ్చిన డబ్బు మీకంటే ముందే కొండ దిగి మైదానానికి వచ్చేస్తుంది. వంట చేసిన ఆవిడకు కూలి మిగులుతుందంతే.

మారేడుమిల్లిలో అటవీశాఖ అండతో ఊరి వన సంరక్షణ సమితులు నడిపే విడిదులు ఉన్నాయి. ఊరివాళ్లనూ అడవి కాపలాలో భాగస్థుల్ని చేసే పద్ధతి మన రాష్ట్రంలో 1992లో మొదలైంది, ఆ సమితులు దాన్నుంచి వచ్చినవే. అలాంటి చోట గానీ, నేరుగా ఒక గిరిజన కుటుంబం ఇంట్లో గానీ దిగండి. ఇటలీలో 1985లోనే ఇలాంటి బసల కోసం చట్టం చేశారు. రైతు అతిథులకు గది ఇవ్వొచ్చు, భోజనం పెట్టొచ్చు, కానీ ఆ ఇంటికి సేద్యమే ప్రధానంగా ఉండాలి. ఆ షరతు నాకు చాలా నచ్చింది. పోడు సేద్యం మానేసి గదులు కడిగే పనికి కుదిరిన కుటుంబం దగ్గర మనం నేర్చుకునేది ఏముంటుంది? ఇంకొక్క మాట, గది అద్దె దగ్గర బేరం ఆడకండి.

3. వాళ్లు తినేదే తినండి. సామల అన్నం, రాగి అంబలి, వానాకాలమైతే వెదురు కొమ్ముల కూర. మామిడి టెంకలోని జీడిని నానబెట్టి, వగరు పోగొట్టి, పిండి చేసి కాచుకునే అంబలి కొండరెడ్ల పాత తిండి. గింజలు అయిపోయిన నెలల్లో ఎన్నో ఇళ్లను అదే నిలబెట్టింది. అడిగితే చేసి పెడతారు. బొంగులో చికెన్ వద్దనను. నూనె చుక్క లేకుండా, పచ్చి వెదురు చెమ్మలోనే కోడిమాంసం ఉడకడం చూడాల్సిందే. కానీ వండిన ప్రతిసారీ ఒక బొంగు కాలిపోతుంది. పూటపూటా అదే కావాలని పట్టుబట్టకండి.

అక్కడ కొత్త పంటను దేవతకు పెట్టకుండా నోట పెట్టరు. మామిడికీ అదే నియమం. మామిడి పండగ కాకముందు చెట్టున కాయ కనబడిందని కోసేయకండి.

4. జీలుగు కల్లు తాగుతారా లేదా మీ ఇష్టం. దాని కథ మాత్రం వినండి. 1879లో రంప తిరుగుబాటు రేగడానికి మన్సబుదారు వసూళ్లతో పాటు కల్లు మీద వేసిన పన్నూ కారణమే. తర్వాత 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది. ఆ కోపమే 1922లో అల్లూరి సీతారామరాజు వెనక జనాన్ని నడిపించింది. ఆయన మనుషులు దాడి చేసిన ఠాణాల్లో మీరు దాటొచ్చిన రంపచోడవరం పోలీసు ఠాణా కూడా ఉంది. ఈ సంగతులు పుస్తకంలో చదవడం వేరు, రాత్రి మంట దగ్గర కూర్చుని తాతల పేర్లతో సహా వినడం వేరు. ఫోను తీసి రికార్డు చేయాలనుకుంటే ముందు అడగండి.

5. వాగును నమ్మకండి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడితే చాలు, నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడతాయి. ఇంటావిడ వద్దంటే వద్దనే అర్థం.

6. దోమతెర తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా ఉంది. తిరిగొచ్చిన కొన్ని వారాల్లో జ్వరం తగిలితే మాత్ర మింగి ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

7. అడవిలోకి ఊరి మనిషి తోడు లేకుండా వెళ్లొద్దు. 2008లో జాతీయ పార్కు అయిన పాపికొండల వైపైతే అనుమతి కూడా కావాలి. అడవిదున్న కనబడుతుందని ఆశపడి వెళ్లేవాళ్లే ఎక్కువ. కొండరెడ్ల మీద మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో తెచ్చిన పుస్తకం పేరులోనూ ఆ కొండలు అడవిదున్నల కొండలే. దున్న కనబడకపోతే రోజు వృథా అనుకోకండి. తోడొచ్చిన మనిషి ఏ చెట్టు దగ్గర ఆగుతున్నాడో చూడండి. ఏ తీగ తాడుకు పనికొస్తుంది, ఏ ఆకు పుండుకు కడతారు, ఏ దుంప ఎన్నిసార్లు ఉడికిస్తే చేదు పోతుంది, ఇవన్నీ ఆగిన ప్రతిచోటా ఆయన చెబుతాడు. తొందరపెడితే చెప్పడు.

ఏలేరు నది పుట్టేది ఆ మన్యం కొండల్లోనే. మా చుట్టుపక్కల పెద్దాపురం, పిఠాపురం పొలాలు తాగేది ఆ నీళ్లు. కొండ మీద చెట్టు నిలబడితేనే కింద మా వరి నిలబడుతుంది. అందుకే అక్కడివాళ్లు అడవి గురించి చెబుతుంటే నేను చెవి ఒగ్గి వింటాను.

8. మళ్లీ వెళ్లేటప్పుడు అదే ఇంటికి, వేరే కాలంలో వెళ్లండి. మంచు కప్పిన మార్గశిరం చూసినవాళ్లు ఇప్పపూలు రాలే ఎండాకాలమూ చూడాలి. తేదీ మాత్రం మీ సెలవుల్ని బట్టి ఖాయం చేయకండి. విత్తనాలు వేసే రోజుల్లో తీరదు బాబూ అంటే, ఎప్పుడు తీరికో వాళ్లనే చెప్పనిచ్చి, దాన్ని బట్టి సెలవు పెట్టుకోండి.