అర్ధరాత్రి ఆర్డరుకు నిన్నటి తేదీ

ప్రశ్న: మా పీహెచ్‌పీ సైట్‌లో రాత్రి పన్నెండు దాటాక వచ్చే ఆర్డర్లకు ముందురోజు తేదీ పడుతోంది. పగటివి బాగానే ఉన్నాయి. ఎందుకిలా?

జవాబు: లక్షణాలు చూస్తే మీ సర్వర్ యూటీసీలో నడుస్తోంది. మన టైమ్ దానికంటే అయిదున్నర గంటలు ముందు; తెల్లవారుజామున 5:30 దాకా దానికింకా నిన్నే. పగటి ఆర్డర్లలోనూ గంటలు చూడండి, అవీ తప్పే ఉంటాయి. కొందరు కోడ్‌లో 19,800 సెకన్లు కలిపేసి చేతులు దులుపుకుంటారు. ఆ పని మాత్రం వద్దు: రేపెవరైనా సర్వర్ జోన్‌ను మన టైమ్‌కి మారిస్తే తేడా రెండుసార్లు కలుస్తుంది. డేటాబేస్‌లో యూటీసీయే ఉంచి, బిల్లు మీద చూపేటప్పుడు ‘ఏషియా/కోల్‌కతా’ జోన్‌లోకి మార్చండి. రోజువారీ అమ్మకాల లెక్క కూడా ముందురోజు యూటీసీ 18:30 నుంచే మొదలవ్వాలి. ఒకవేళ డాలస్ లాంటి చోట ఉన్న కస్టమర్లకు ముందుగా అపాయింట్‌మెంట్లు ఇస్తుంటే వాటి సంగతి వేరు. అక్కడ మార్చిలో, నవంబరులో గడియారాలు మారుస్తారు గనుక, స్థానిక సమయంతోపాటు జోన్ పేరూ దాచాలి.