మృత్యుగీతమూ గంటచప్పుడూ – పేరడీపై ఒక పరిశీలన

పేరడీ అనగానే ఎగతాళి అని మనలో చాలమంది భావిస్తారు. ఎగతాళి చేయుటకు మూలరచన తెలియనక్కరలేదు. పేరడీ వ్రాయుటకు దానిని పదిమార్లు చదివి ఉండవలెను. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారు శ్రీశ్రీ శైలిని అనుకరించి నవ్వించగలిగినారంటే, ఆ నడకలోని ఊపు వారి చెవికి పట్టుబడినందువల్లనే గదా! ఉర్దూలో కన్హయ్యాలాల్ కపూర్ గాలిబును నవీనకవుల గోష్ఠికి రప్పించి పండించిన హాస్యమూ ఈ కోవలోనిదే. కవిత్వమునకే కాక సంగీతమునకును ఈ మాట వర్తించునని చూపుటకు అమెరికాలో ఒక చక్కని ఉదాహరణ కలదు.

బ్లూ ఆయిస్టర్ కల్ట్ అను రాక్ బృందము 1976లో 'ఏజెంట్స్ ఆఫ్ ఫార్చ్యూన్' అను ఆల్బమ్ వెలువరించినది. అందులో 'డోంట్ ఫియర్ ది రీపర్' అను పాట బిల్‌బోర్డ్ పట్టికలో 12వ స్థానమువరకు చేరినది. రీపర్ అనగా కోతగాడు. కొడవలి చేతబట్టి ప్రాణములను పైరువలె కోసుకొనిపోవు మృత్యుమూర్తిగా పాశ్చాత్యులు అతనిని చిత్రింతురు. మన యముని వలెనే, మలకుల్ మౌత్ వలెనే అతడును వేళకు వచ్చువాడు. పాటను రచించి పాడిన డోనాల్డ్ రోజర్, చిన్నవయసులోనే తనకు మరణము సంభవించినచో ఏమగునన్న ఆలోచననుండి దీనిని అల్లినాడు. రోమియో జూలియట్ల ప్రస్తావన ఉన్నందున ఇది ఆత్మహత్యను ప్రోత్సహించుచున్నదని కొందరు అపార్థము చేసికొన్నారు. మరణానంతరమును నిలుచు ప్రేమయే తన విషయమని రోజర్ చెప్పుకొనవలసివచ్చినది.

ఈ పాటలో తాళమునకు తోడుగా ఒక సన్నని లోహధ్వని వినవచ్చును. అది కౌబెల్, ఆవు మెడలో కట్టు గంటకు నాలుక తీసివేసి, కర్రతో కొట్టునట్లు చేసిన వాద్యము. గిటారుల వెనుక అది ఎంత మరుగుపడి ఉన్నదంటే శ్రద్ధపెట్టనిదే వినబడదు. నటుడు విల్ ఫెరెల్‌కు అది వినబడినది. ఆ గంట కొట్టినవాని బ్రతుకు ఎట్లుండెనో అన్న ఊహ అతనికి కలిగినది. ఆ ఊహయే 2000 ఏప్రిల్ 8న 'సాటర్డే నైట్ లైవ్' అను టెలివిజన్ కార్యక్రమములో ప్రహసనమైనది.

సంగీతబృందముల చరిత్రలు చెప్పు డాక్యుమెంటరీ ఫక్కీలో అది నడచును. ఫెరెల్ పొట్ట కనబడు పొట్టిచొక్కాతో, తోటివారిని రాచుకొనుచు గంట వాయించును. మిగిలినవారు విసుగుకొని వాద్యములు ఆపుదురు. నిర్మాత వేషములోని క్రిస్టఫర్ వాకెన్ మాత్రము తనకు పట్టిన జ్వరమునకు ఆ గంటయే మందన్నట్లు, ఇంకను మోగించుమని అత్యంత గంభీరముగా ఆజ్ఞాపించును. జిమ్మీ ఫాలన్ నవ్వు ఆపుకొనలేకపోవుట తెరపైననే కనిపించును. ఆ గాంభీర్యము లేనిచో ఇది కేవలము కోతిచేష్టగా మిగిలెడిది.

అయితే చరిత్రవిద్యార్థి ఇచట జాగ్రత్త వహింపవలెను. ఫెరెల్ పోషించిన జీన్ ఫ్రెంకిల్ ఆ బృందములో ఎన్నడును లేడు, అది కల్పితపాత్ర. 1976లో పాటకు నిర్మాతలు డేవిడ్ లూకస్, మరీ క్రుగ్మన్, శాండీ పెర్ల్‌మన్. ప్రహసనములోని నిర్మాత పేరు బ్రూస్ డికిన్సన్. చివర తెరపై ఫ్రెంకిల్‌కు 1950-2000 అని నివాళి కూడ వేసినారు. మృత్యువునకు వెరవవద్దన్న పాటకు, పుట్టనివాని మరణమును జోడించుటలో గడుసుదనము ఉన్నది.

ఇందువలన పాటకు మేలా, కీడా? నా అభిప్రాయములో రెండునూ. పాట పుట్టిన ఇరువదినాలుగేండ్ల తరువాత క్రొత్త తరమువారు దానిని వెదకి విన్నారు. కాని వారిలో పలువురు గంటకొరకే చెవి నిక్కించి, తొలి టంగుమన్నంతనే నవ్వుదురు. చావును తలచి వ్రాసిన మాటలు ఆ నవ్వులో మునిగిపోవుచున్నవి. ప్రహసనములో పాట పల్లవించినంతలోనే మాటిమాటికి ఆగిపోవును. దాని నడుమనున్న సుదీర్ఘ గిటారు ఘట్టమువరకు ఎప్పుడును పోదు. రేడియో కొరకు కుదించిన సింగిల్‌లోను ఆ ఘట్టము లేదు. అసలైన భయమూ, ఆ భయమును దాటించు ధైర్యమూ అచటనే ఉన్నవి. అందుకు ఆల్బమ్‌లోని అయిదు నిమిషముల పాటనే వినవలెను.