ఫోనులో పత్రిక: ఎవరికి ఏం కావాలి?

మీ ఇంట్లో పొద్దున్నే ఫోనులో దినపత్రిక తెరిచారనుకోండి. నాన్న మిర్చి ధర చూడమంటారు. తాత అక్షరాలు పెద్దవి చేయమంటాడు. అక్క నిన్నటి ఉద్యోగ ప్రకటన వెతకాలంటుంది. మీ కన్ను క్రికెట్ స్కోరు మీద ఉంటుంది. పత్రిక ఒకటే అయినా నలుగురూ అందులో వేరు వేరు సంగతులు కోరుతున్నారు గదా! వీటన్నిటినీ ఒకే పత్రిక ఎలా తీరుస్తుంది? ఎక్కడ తీర్చలేకపోతుంది?

ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఇనుగుర్తి అనే ఊరుంది. 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే సోదరులు ఆ ఊళ్ళోనే అచ్చుయంత్రం పెట్టి ‘తెనుగు’ అనే వారపత్రిక నడిపారు. నిజాం రాజ్యంలో, అదీ ఒక పల్లెటూరి నుంచి, తెలుగులో పత్రిక తేవడం చిన్న సాహసం కాదు. వారానికొకసారి వచ్చేది కాబట్టి పాఠకుడు కూడా వారం ఆగేవాడు.

ఇప్పుడు ఆ ఇనుగుర్తికి దగ్గరలోనే జరిగిన సంగతి చూడండి. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానలకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. కాజీపేట, విజయవాడల మధ్య రైళ్ళు ఆగిపోయాయి. ఆనాడు స్టేషనులో కూర్చున్న ప్రయాణికుడికి వార్త ఎంత చక్కగా రాశారన్నది ముఖ్యం కాదు. అది ఏ గంటకు రాసిందన్నదే ముఖ్యం. అంతకు ముందు ఏడాది, 2023 జులై 27 తెల్లవారుజామున, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తింది. జనం ఇళ్ళ కప్పులెక్కారు. వాళ్ళను కాపాడడానికి హెలికాప్టర్ల సాయం కూడా అవసరమయింది. రాత్రే అచ్చయిపోయిన కాగితంలో ఆ వార్త ఉండడానికి వీల్లేదు. తెర మీది పత్రిక మాత్రం గంటగంటకూ మారగలదు.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. వార్త ముక్కను కత్తిరించి ఒకరి నుంచి ఒకరికి పంపేటప్పుడు తేదీ తెగిపోతుంది. నిరుడు తెగిన రోడ్డు ఈ ఏడు కూడా తెగినట్టే కనిపిస్తుంది. అందుచేత వార్త పైన ఉండే తేదీ, సమయం, ‘సవరించిన సమయం’ అనే చిన్న అక్షరాలను ముందు చూడండి. వరద రోజుల్లో శీర్షిక కన్నా వాటి విలువే ఎక్కువ.

ఇక అసలు విషయానికి వద్దాం. ఫోనులో పత్రిక రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి అచ్చు పేజీకి తీసిన బొమ్మలాంటిది. రెండోది అక్షరాలుగా వచ్చే వార్త. కంటికి రెండూ తెలుగే. కంప్యూటరుకు మాత్రం ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

కంప్యూటరు అక్షరాన్ని సంఖ్యగా దాచుకుంటుంది. ప్రపంచ భాషలన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పద్ధతి మొదటిసారి 1991లో వెలువడింది. అందులో తెలుగుకు 128 గదులున్నాయి. ‘క’ సంఖ్య 3093. ‘జనగామ’ అనే మాటలో మనకు కనిపించేవి నాలుగు అక్షరాలు, కంప్యూటరు దాచేవి ఐదు సంఖ్యలు. ‘గా’లో ‘గ’కు ఒకటి, దీర్ఘానికి ఇంకొకటి! సాధారణంగా ఒక్కొక్క తెలుగు సంఖ్యకు మూడు బైట్ల చోటు పడుతుంది. అంటే జనగామకు 15 బైట్లు.

ఇప్పుడు లెక్క వేద్దాం. వెయ్యి గుర్తులున్న వార్తకు సుమారు 3,000 బైట్లు. పేజీ బొమ్మకు 10,00,000 బైట్లు అనుకుంటే, ఆ చోటులో అలాంటి వార్తలు మూడు వందలకు పైగా పడతాయి. భూపాలపల్లి అడవి పల్లెల్లో సిగ్నల్ సన్నగా అందే చోట ఈ తేడా ఎంతటిదో ఆలోచించండి. అయితే వార్త చుట్టూ ప్రకటనల బొమ్మలు, ఆడే వీడియోలు తగిలిస్తే ఈ లాభమంతా ఆవిరైపోతుంది. చాలా పత్రికలు చేస్తున్న పని అదే!

అక్క వెతుకులాట సంగతి? అక్షరాలు సంఖ్యలుగా ఉంటేనే వెతకడం సులభం. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో కూడా కొన్ని తెలుగు పత్రికలు తమ సొంత ఫాంటులే వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు వార్త పిచ్చిగీతల్లా కనిపించేది. చూపులేని పాఠకుడికి ఈ విషయం ఇంకా ముఖ్యం. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి. యూనికోడ్ వార్తను అవి గడగడా చదువుతాయి. పేజీ బొమ్మ ఎదురైతే చాలావరకు మూగపోతాయి. బొమ్మలోంచి అక్షరాలను గుర్తుపట్టే పద్ధతులు వచ్చాయి గాని, ఒత్తులు, గుణింతాల దగ్గర అవి తడబడుతుంటాయి.

మరి పేజీ బొమ్మ పనికిరానిదా? తాతనడగండి! ఏ వార్తను ఎంత పెద్దగా వేశారో, ఏది మూలకు నెట్టారో అందులో ఒక్క చూపులో తెలుస్తుంది. జిల్లా పేజీ అంతా ఒకచోట ఉంటుంది. పరదేశంలో ఉన్న జనగామవాసికి ఆ పేజీ చూస్తే ఊరికి వచ్చినట్టుంటుంది. విడివిడి వార్తల్లో ఈ సుఖం లేదు.

భూపాలపల్లి బొగ్గు గని కార్మికుడి అవసరం మరొక రకం. భూగర్భ గనిలోకి మామూలు ఫోను తీసుకుపోకూడదు. అక్కడ మీథేన్ వాయువు ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు ప్రమాదానికి. షిఫ్టు ముగించుకుని పైకి వచ్చాక ఈ ఎనిమిది గంటల్లో జరిగినవి నాలుగు మాటల్లో తెలిస్తే అతనికి చాలు. మహబూబాబాద్ మిర్చి రైతుకు మాత్రం బస్తాలు బండికెక్కించక ముందే వరంగల్ ఏనుమాముల మార్కెట్ ధర కావాలి. అదీ ఏ రకానికి, ఏ రోజుదో స్పష్టంగా ఉండాలి. తేదీ లేని ధరను నమ్మి బయలుదేరితే బండి కిరాయి కూడా మీద పడవచ్చు.

మీరూ ఒక పని చేయండి. మీ వీధిలో పది మందిని అడిగి నోటుబుక్కులో రాసుకోండి: వయసు, వృత్తి, ఫోను పత్రికలో మొదట తెరిచేది ఏది, దొరకక విసిగించేది ఏది. తర్వాత ఒకే వార్తను పేజీ బొమ్మలోనూ, అక్షరాల రూపంలోనూ తెరిచి, ఫోనులోని చదివి వినిపించే సౌకర్యంతో రెంటినీ చదివించండి. ఎక్కడ ఆగిందో, ఏ మాటను తప్పుగా పలికిందో గుర్తు పెట్టి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.